నల్ల డబ్బాలో ఐదు నిమిషాల పని

"ఐదు నిమిషాల పని" అని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. పప్పు ఉడకడానికే ఐదు నిమిషాలు చాలవు, కంప్యూటర్‌లో పని ఎలా అయిపోతుంది? కానీ ఆ అక్క అంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, నవ్వుతూ అంది. నేను నమ్మాను. నమ్మినందుకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

మాది ఒమాన్‌లో అల్ హైల్‌లో ఒక కుట్టుపని షాపు. చుడీదార్లు, బ్లౌజులు, బుర్ఖాల్లాంటి అబాయాలు కుడతాం, వాటి మీద ఎంబ్రాయిడరీ కూడా చేస్తాం. షాపు ఒక ఒమానీ పెద్దమనిషిది. ఇక్కడ యజమానిని అర్బాబ్ అంటారు, మేమూ అంతే. నేను కడప నుంచి వచ్చింది షాపు పనికి కాదు, ఆయన తల్లి ఇంట్లో వంటపనికి. ఒక రంజాన్ నెలలో షాపులో ఆర్డర్లు ఎక్కువై, దారాలు కత్తిరించడానికి మనిషి కావాలని నన్ను తీసుకొచ్చారు. పండగ అయిపోయింది, నేను మాత్రం తిరిగి వెళ్లలేదు. మెల్లగా నా కాగితాలు కూడా షాపు పేరుకి మార్చారు. దారాల దగ్గర నుంచి బొత్తాలకి, బొత్తాల నుంచి ఎంబ్రాయిడరీ మిషన్ కుర్చీకి వచ్చాను.

ఆ కుర్చీ గురించి చెప్పాలి, లేకపోతే నేనెందుకు అంత ఏడ్చానో అర్థం కాదు. పెద్దావిడ ఇంట్లో నన్ను ఎవరూ తిట్టలేదు, పస్తు పెట్టలేదు. కానీ పొద్దున్నించీ నిలబడి వండిందంతా సాయంత్రానికి మాయమైపోయేది, మళ్లీ గిన్నెలే మిగిలేవి. ఇక్కడ అలా కాదు. నేను కూర్చున్న మిషన్‌లోంచి వచ్చిన పూలు జనం ఒంటి మీద ఎక్కి వీధిలో తిరుగుతాయి. ఒకసారి కూరగాయల దుకాణంలో ఒకావిడ అబాయా చేతి అంచు మీద మా మల్లెతీగ చూసి, టమాటాలు ఏరడం మానేసి ఆవిడ వెనకాలే నడిచాను. ఆవిడ నన్ను దొంగ అనుకుని బ్యాగు చంకలో పెట్టుకుంది.

షాపులో నాకు పైన మాస్టర్‌జీ ఉంటాడు. ఉర్దూ మాట్లాడే పెద్దాయన. తెల్లగడ్డం, మెడలో టేపు. మా కడప వీధిలో ఉర్దూ ఇళ్లు ఎక్కువ కాబట్టి ఆయనకీ నాకూ మాట ఎప్పుడూ తక్కువ కాలేదు, తగువు కూడా. ఆయన పొద్దున షాపు తెరవగానే చేసే పనులు వరసగా ఉంటాయి. లుబాన్ సాంబ్రాణి వెలిగిస్తాడు. పొగ మిషన్లకి చూపిస్తాడు. కంప్యూటర్ పెట్టి, బిస్మిల్లా అని, తారీఖు వెనక్కి తిప్పుతాడు.

నిజంగానే తిప్పుతాడు. మేం డిజైన్లు గీసే ప్రోగ్రాంని ఎవరో చాలా ఏళ్ల కిందట నెల రోజులు ఉచితంగా వాడి చూడమని వేసి ఇచ్చి వెళ్లారు. నెల దాటితే తాళం పడుతుంది. తారీఖు వెనక్కి తిప్పితే తాళం పడదని ఇంకెవరో మాస్టర్‌జీకి నేర్పారు. అందుకని ఆయన రోజూ, ఆ ప్రోగ్రాం తాలూకు పువ్వు బొమ్మ మీద నొక్కే ముందు, కంప్యూటర్‌ని ఆ మొదటి రోజుకే తీసుకెళతాడు. బయట ఏళ్లు గడిచాయి, అర్బాబ్ పిల్లలు ఎదిగారు, మా కంప్యూటర్‌లో మాత్రం రోజూ అదే ఆదివారం. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత ఇంట్లో పొద్దున్నే దీపం పెట్టినట్టు అదీ ఒక పనైపోయింది. మాస్టర్‌జీ సెలవు మీద ఊరికి పోయినప్పుడు నేనే తిప్పేదాన్ని. దాని గురించి ఇంకెప్పుడూ ఆలోచించలేదు.

కష్టం కొత్త మిషన్‌తో వచ్చింది. పాతది వణికి వణికి ఆగిపోయేలా ఉంటే, అల్ అమెరాత్‌లో మూసేసిన ఒక షాపు నుంచి అర్బాబ్ ఇంకో మిషన్ కొనుక్కొచ్చాడు. వాడిందే, కానీ మాకు కొత్తే. మా డిజైన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి దానికిస్తే, దాని చిన్న తెర మీద ఒక ప్రశ్న గుర్తు వేసి ఊరుకుంది. ఇంకో డిజైన్ ఇచ్చాం. ఇంకో ప్రశ్న గుర్తు. దానికి వేరే రకం ఫైలు కావాలంట. మా పువ్వు ప్రోగ్రాంకి ఆ రకం రాదు. ఈలోగా పాత మిషన్ ఒక మధ్యాహ్నం గట్టిగా ఒక కేక పెట్టి, సూది విరగ్గొట్టుకుని, ఇక లేవలేదు.

అప్పుడే అర్బాబ్ మేనకోడలి పెళ్లి. మెడకీ చేతులకీ పని చేయాల్సిన బట్టలు గోడకి వరసగా వేలాడుతున్నాయి. అర్బాబ్ వచ్చాడు, ప్రశ్న గుర్తు చూశాడు.

"మకీనా మాఫీ షుగల్?" అన్నాడు. మిషన్ పని చేయడం లేదా అని.

మాస్టర్‌జీ గడ్డం సవరించుకున్నాడు. నేను నేల చూశాను.

"వచ్చే వారం గురువారం దాకా చూస్తా. నడిస్తే జేన్, బాగుంది. నడవకపోతే ఖల్లాస్. అమెరాత్‌లోనే అడిగేవాడున్నాడు, వాడికి ఇచ్చేస్తా. ఎంబ్రాయిడరీ బంద్," అని నా వైపు తిరిగాడు. "నువ్వు మా అమ్మ దగ్గరికి పో. ఆమె నీ చేపల కూర రోజూ గుర్తు చేసుకుంటోంది."

మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు మాత్రం ఆ చేపల కూర అంత బాగా వండి ఉండకపోతే బాగుండేదనిపించింది.

అక్క ఆ రోజే వచ్చింది. కాకినాడ వైపు ఆవిడ, పక్క వీధిలో ఉంటుంది, ఏదో కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. బ్లౌజులు తీసుకోవడానికి వచ్చి, నా మొహం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"ఓస్, ఇంతేనా! ఒక రకం ఫైలు ఇంకో రకంలోకి మార్చాలి, అంతేగా? దానికి సామాను ఉచితంగానే దొరుకుతుందమ్మా. శుక్రవారం వచ్చి చిన్న ప్రోగ్రాం రాసి పెడతాను."

అన్నట్టే శుక్రవారం పెన్‌డ్రైవ్‌తో వచ్చింది. మా కంప్యూటర్‌లో తను రాసుకొచ్చిన చిన్న ప్రోగ్రాం పెట్టి, అది నడవడానికి ఒక భాష ఎక్కించింది. భాషంటే మనం మాట్లాడేది కాదంట, కంప్యూటర్‌కి పనులు చెప్పే భాషంట. దానికి ఒక పెద్ద పాము పేరు. ఆ పేరు వినగానే మాస్టర్‌జీ కత్తెర కింద పెట్టాడు.

"సాప్? షాపులో పామా?"

"కరవదు మాస్టర్‌జీ," అంది అక్క.

"కరిచే ముందు అన్నీ అలాగే ఉంటాయి," అన్నాడాయన.

అక్క నాకు వంటింటి లెక్కలో చెప్పింది. "చూడమ్మా, ఈ భాష అంటే ఇల్లూ పొయ్యీ ఇచ్చారనుకో. కుట్టుపని ఫైళ్లు మార్చే సామాను ఇందులో లేదు. అది విడిగా తెప్పించుకోవాలి. బకాలాకి ఫోన్ చేసి పెరుగు కావాలంటే ఇంటికి తెచ్చిస్తాడు కదా? అలాగే తెర మీద ఈ నల్ల డబ్బా తెరిచి, 'పిప్ ఇన్‌స్టాల్' అని కొట్టి, సామాను పేరు రాస్తే చాలు. అదే నెట్‌లోంచి తెచ్చి సర్దేసుకుంటుంది."

బకాలా అంటే మా వీధి చివర చిల్లర కొట్టు. నాకు బాగా అర్థమైంది. కానీ ఆ కంప్యూటర్‌కి నెట్ లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. నెట్ ఇద్దామంటే అక్క ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, ఇంటి నుంచి పిల్ల ఏడుస్తోందని కబురొచ్చింది.

"మిగిలింది ఐదు నిమిషాల పని. ఆదివారం నీ ఫోన్ నుంచి నెట్ ఇచ్చుకో, నేను ఫోన్‌లో చెప్తాను," అని చెప్పులేసుకుంది.

ఆదివారం ఫోన్ చేస్తే తెలిసింది, కంపెనీ వాళ్లు ఆవిడని ఆ వారం దుక్మ్ పంపించారని. అక్కడి నుంచి ఇక్కడికి రావాలంటే ఎడారి సగం దాటాలి. ఇక ఫోనే గతి.

"తెరిచావా?"

"తెరిసినా అక్కా. నల్లగా ఉండాది."

"నల్లగానే ఉంటుంది. పిప్ అని కొట్టు."

కొట్టాను. అరబ్బీ అక్షరాలు వచ్చాయి. మా కీబోర్డుకి రెండు భాషలున్నాయి. మాస్టర్‌జీ అరబ్బీలో ఆర్డర్ రాసి అలాగే వదిలేస్తాడు. ఏ రెండు మీటలు కలిపి నొక్కితే భాష మారుతుందో అక్క చెప్పింది, నేను ఒకటి తప్పు నొక్కాను, తెర అంతా తలకిందులైంది. తలకిందులైన తెరని మామూలు చేయడానికే అక్క భోజనం టైమ్ అయిపోయింది.

మళ్లీ సాయంత్రం. ఈసారి ఇంగ్లీషులోనే పడింది. ఆ పిప్ అంటే ఎవరో నాకు తెలియదంది కంప్యూటర్.

"తెలీదంటాండాది అక్కా."

"దానికి దారి చూపించలేదులే నేను, నాదే పొరపాటు. ముందు 'పివై' అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, అడ్డగీత పెట్టి, 'ఎమ్' కొట్టు. మళ్లీ ఖాళీ. ఇప్పుడు పిప్."

"ఖాళీ అంటే యాడ?"

"ఎమ్ తర్వాత."

"గీత తర్వాత ఖాళీ ల్యాకుండానా?"

"లేకుండా."

"మరి పిప్ తర్వాత?"

"ఉంది తల్లీ, ఉంది!"

నా జన్మలో ఖాళీకి అంత విలువుందని ఎప్పుడూ అనుకోలేదు. పదో తరగతిలో లెక్కల్లో తప్పినదాన్ని నేను, అక్కడా ఇంత పట్టింపు లేదు. ఎలాగో కొట్టి ఎంటర్ నొక్కాను. కొంచెంసేపు ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. పసుపు రంగులో ఒక వరస వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. తర్వాత బొలబొలా ఎర్రగా.

"అక్కా, పసుపూ కుంకుమా రెండూ ఇస్తాండాది, పేరంటానికి పిల్సినట్టు."

"ఎరుపంటే తప్పు జరిగిందని. మొత్తం చదవకు, అదొక రామాయణం. చివరి లైను చదువు, చాలు."

కూడబలుక్కుని చదివాను. ఆ పేరుతో సరిపోయే సామాను ఏదీ దొరకలేదని ఉంది.

"పేరు తప్పు కొట్టుంటావు. అక్షరం అక్షరం చెప్పు."

చెప్పాను. సరిగ్గానే ఉంది. మళ్లీ కొట్టమంది. కొట్టాను. పసుపు, ఎరుపు, అదే చివరి లైను. ఇంకోసారి చెప్పు అంది. ఇంకోసారి చెప్పాను. మాస్టర్‌జీ అటు నుంచి దారపు ఉండ విసిరాడు.

"అరే బేటీ, ఆ పాముకి నీ మంత్రం ఎక్కడం లేదు. బుట్ట మూసేయ్."

"మీరు నోరు మూసుకుంటే ఎక్కుతుంది మాస్టర్‌జీ."

సోమవారం అక్క నెట్‌ని అనుమానించింది. నా ఫోన్ నెట్ మంచిది కాదేమోనని, పక్క కెఫెటీరియా వాడిని బతిమాలి వాడి వైఫై తెచ్చుకున్నాను. బదులుగా వాడి ప్యాంటు జిప్పు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. జిప్పు బాగైంది, నల్ల డబ్బా బాగవలేదు. మంగళవారం అక్క భాషనే అనుమానించింది. తీసేసి మళ్లీ ఎక్కించమంది. అక్క వదిలి వెళ్లిన పెన్‌డ్రైవ్‌లోంచి మళ్లీ ఎక్కించాను. పాము కొత్తగా వచ్చి కూర్చుంది, పసుపూ కుంకుమా పాతవే. చివరి లైను చదువు అంటుంది అక్క. నేను చదువుతాను. దొరకలేదు. దొరకలేదు. ఆ లైను నాకు కంఠతా వచ్చేసింది. బియ్యం కడుగుతూ రూమ్‌లో అదే గొణుక్కుంటుంటే నాతో ఉండే పిల్ల దయ్యం పట్టిందా అని అడిగింది.

అక్కకీ విసుగొచ్చింది. పాపం ఆవిడ పని ఆవిడకుంది, ఆ దుమ్ములో, ఆ సైట్‌లో. "నా కంప్యూటర్‌లో ఇప్పుడే చేసి చూశానమ్మా, అర నిమిషంలో వచ్చింది. నీకే ఎందుకు రాదు?" అంది.

"నాకే ఎందుకా? నాకేం తెల్సు అక్కా! ఐదు నిమిషాలంటివి, నేనేమైనా అడిగినానా నిన్ను అరగంట పడ్తాదని చెప్పొద్దని?"

ఫోన్‌లో గాలి మోత మాత్రం వినపడింది.

బుధవారం వచ్చింది. మర్నాడే గురువారం. పొద్దున అర్బాబ్ ఫోన్ చేసి మాస్టర్‌జీతో ఏదో అన్నాడు. మాస్టర్‌జీ నా వైపు చూడకుండా ఫోన్ పెట్టేసి, అమెరాత్ నుంచి బండి రేపు మధ్యాహ్నం వస్తుందని గోడకి చెప్పాడు. నేను మిషన్ కవరు తీశాను, మళ్లీ వేశాను. పెద్దావిడ వంటింట్లో ఏ డబ్బాలో ఏముంటుందో గుర్తు చేసుకోబోయి, అన్నీ గుర్తొచ్చేసరికి ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం అక్క తనే ఫోన్ చేసింది. నాకు ఏడుపు కోపంగా మారిపోయి ఉంది.

"చివరి లైను చదువమ్మా."

"సదవను."

"అదేంటి?"

"చివరి లైను నాలుగు దినాల్నుంచి సదువుతానే ఉండా. ఈ పొద్దు మొదుట్నుంచీ సదువుతా. నువ్వు ఇంటే ఇను, ల్యాకుంటే ల్యా."

"సర్లే, చదువు," అంది అక్క, నవ్వాపుకుంటూ.

చదివాను. ఒక్కో ముక్క, రోడ్డు మీద రాళ్లు ఏరినట్టు. మధ్యలో ఒక చోట సర్టిఫికెట్ అని ఉంది. ఆ తర్వాత 'నాట్ యెట్ వాలిడ్' అని ఉంది.

"ఆగాగు. ఏమని ఉంది? నాట్ యెట్? చెల్లదు అని కాదా, ఇంకా చెల్లదు అనా?"

"అట్లే ఉండాది."

అక్క చాలా మెల్లగా అడిగింది. "అమ్మాయ్. ఇవాళ తారీఖెంత?"

నేను చాలా మామూలుగా అడిగాను. "మనకా అక్కా, కంప్యూటర్‌కా?"

అక్క అరుపుకి ఫోన్ చెవి నుంచి దూరంగా పెట్టాను. "కంప్యూటర్‌కి వేరే తారీఖుందా?"

చెప్పాను. సాంబ్రాణి, బిస్మిల్లా, ఆదివారం, పువ్వు బొమ్మ, అన్నీ. చెబుతుంటే నాకే నా గొంతు వింతగా వినపడింది. ఇన్ని రోజుల్లో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. ఎలా అడుగుతుంది? ఇవాళ ఇవాళేనా అని ఎవరైనా ఎవరినైనా అడుగుతారా?

అక్క నవ్విందో ఏడ్చిందో తెలియదు. "వినమ్మా. సామాను తెచ్చేవాడు గుమ్మంలో తన బతాకా చూపిస్తాడు, నేను ఫలానా అని. దాని మీద ఇచ్చిన తారీఖుంటుంది. మీ కంప్యూటర్ ఏళ్ల కిందటి ఆదివారంలో కూర్చుని ఆ కార్డు చూసి, ఈ తారీఖు ఇంకా రానే లేదే, నువ్వు దొంగవి అని తలుపు మూసేస్తోంది. నాలుగు రోజులుగా వాడు సామానుతో గుమ్మంలోనే నిలబడ్డాడు!"

బతాకా అంటే ఇక్కడ అందరి జేబులో ఉండే గుర్తింపు కార్డు. అది చెల్లకపోతే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"తారీఖు సరిచెయ్యి. అంతే. ఐదు..." అని అక్క తనే ఆపేసింది.

నా చెయ్యి తెర మూలకి పోయిందో లేదో మాస్టర్‌జీ కుర్చీ దాటుకుని వచ్చాడు. "హాథ్ మత్ లగావో! ముట్టుకోకు! నువ్వేం చేస్తున్నావో తెలుసా? ఇవాళ్టి తారీఖు చూస్తే పువ్వు చచ్చిపోతుంది. నా డిజైన్లన్నీ అందులో గీసినవే!"

"పువ్వుని తెరవం మాస్టర్‌జీ. తారీఖు మారుస్తాం, సామాను తెచ్చుకుంటాం, మళ్లీ వెనక్కి తిప్పేస్తాం. పువ్వు నిద్రలేచేసరికి దాని ఆదివారం దానికుంటుంది."

"దానికి తెలిసిపోతే?"

"రేపు బండి వస్తే ఏ పువ్వుతో ఏం చేస్తారు మీరు?"

ఆయన ఆలోచించాడు. తర్వాత వెళ్లి, అంటించే టేపు ముక్క చించి తెచ్చి, తెర మీద పువ్వు బొమ్మ కనపడకుండా అంటించాడు, పసిపిల్లకి కళ్లు మూసినట్టు. "ఇప్పుడు చేసుకో," అని నమాజు టైమ్ అయిందని బయటికి వెళ్లాడు. చూడలేకే వెళ్లాడని నా అనుమానం.

ఖాళీలతో సహా అంతా కాగితం మీద రాసుకుని, అక్కకి రెండుసార్లు చదివి వినిపించాకే తారీఖు ముందుకి తిప్పాను. ఆ అంకెలు ఆ తెర మీద చూస్తే చుట్టాలింట్లో కొత్త గోడ చూసినట్టుంది. పివై, ఖాళీ, గీత, ఎమ్, ఖాళీ, పిప్, ఖాళీ. ఎంటర్. ఆగింది. నేను పసుపు కోసం చూస్తున్నాను. పసుపు రాలేదు. ఒక సన్నటి గీత అటు నుంచి ఇటు పాకింది. కింద తెల్లగా ఒక వరస పడింది, ఇన్‌స్టాల్ అయింది అని. అంతే. ఐదు నిమిషాలు కాదు, అందులో సగం కూడా కాదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

"వచ్చింది అక్కా! వచ్చేసింది!" అని అరిచాను. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మాస్టర్‌జీ వైపు తిరిగి కూడా అరిచాను. "హో గయా మాస్టర్‌జీ! అంతా అయిపోయింది!"

అరిచి, ఆనందంతో మొహం కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాను. తిరిగొచ్చేసరికి టేపు ముక్క మాస్టర్‌జీ వేలికి అంటుకుని ఉంది. ఆయన చెయ్యి మౌస్ మీద ఉంది. తెర మీద ఎప్పుడూ చూడని ఒక పెట్టె నిలబడి ఉంది. మీ ఉచిత గడువు ముగిసింది అని.

"అంతా అయిపోయిందన్నావు కదా," అన్నాడు. "తారీఖు కూడా తిప్పేశావనుకున్నాను."

రోజూ ఆ కుర్చీలో కూర్చోగానే ఆయన చెయ్యి పువ్వు మీదికే పోతుంది, అలవాటు ఎక్కడికి పోతుంది? ఇప్పుడు గబగబా తారీఖు వెనక్కి తిప్పాడు. బిస్మిల్లా అన్నాడు. మళ్లీ నొక్కాడు. అదే పెట్టె. ఒకసారి అసలు తారీఖు చూశాక ఆ పువ్వు ఇక మోసపోలేదు.

"అంతా నీ పాము వల్లే."

"పాము ఏం చేసింది? వేలు మీది!"

"నువ్వు అరవకపోతే నేను నొక్కేవాణ్ణా?"

"నేను అరిచింది అక్కతో!"

"మాస్టర్‌జీ అన్నావు కదా! నేను తప్ప ఇంకెవరున్నారిక్కడ మాస్టర్‌జీ?"

ఫోన్ ఇంకా నడుస్తూనే ఉందని మాకు అప్పుడు గుర్తొచ్చింది. "ఏమైందర్రా?" అని అరుస్తోంది అక్క దుక్మ్ నుంచి. చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగింది. "పెళ్లి డిజైన్ ఫైలు విడిగా దాచి ఉందా, లేదా?"

ఉంది. గీసినప్పుడల్లా ఫైలు విడిగా దాచడం మాస్టర్‌జీ పద్ధతే. ఆ ఒక్క మాటకి ఆయన గడ్డం మళ్లీ నిలబడింది.

"అయితే గీయడానికే పువ్వు కావాలి. మార్చడానికి అక్కర్లేదు. ముందు తారీఖు ఇవాళ్టికి పెట్టు, ఇక ముట్టుకోకు. నేను రాసిచ్చింది నడుపు."

నడిపాను. అక్క రాసిన ప్రోగ్రాం, అప్పుడే తెచ్చుకున్న సామాను పట్టుకుని, మాస్టర్‌జీ పెళ్లి తీగని కొత్త రకం ఫైలు చేసి ఇచ్చింది. పెన్‌డ్రైవ్ తీసి మిషన్‌కి పెట్టాను. మాస్టర్‌జీ తస్బీహ్ పూసలు తిప్పుతున్నాడు. చిన్న తెర మీద ప్రశ్న గుర్తు రాలేదు. తీగ వచ్చింది, ఆకులతో సహా. బటన్ నొక్కితే సూది దిగింది.

గురువారం అమెరాత్ బండి వచ్చింది, అర్బాబ్ కూడా వచ్చాడు. మేం ఇద్దరం తలెత్తలేదు, ఎత్తడానికి తీరిక లేదు. గోడకి వేలాడే బట్టలు సగం దిగిపోయాయి. అర్బాబ్ మిషన్ పక్కన నిలబడి మేనకోడలి చేతి అంచు మీద ఆకులు ఒక్కొక్కటే పుట్టడం చూశాడు.

"మకీనా షుగల్," అన్నాడు. "జేన్. ఎవరు చేశారు?"

"మేం ఇద్దరం," అన్నాడు మాస్టర్‌జీ, కళ్లార్పకుండా.

నేను పళ్లు కొరికాను. కొరికినా నోరు తెరవలేదు, ఎందుకంటే అర్బాబ్ అప్పటికే బండి డ్రైవర్‌తో వెళ్లిపొమ్మని చెయ్యి ఊపుతున్నాడు. తర్వాత నాతో, "శుక్రవారం ఒక్కరోజు మాత్రం అమ్మకి చేపల కూర చేసి పో," అన్నాడు. చేశాను. కావాలనే కొంచెం ఉప్పెక్కువ వేశాను. ఆవిడకి ఇంకా నచ్చింది.

కొత్త డిజైన్లు గీయడానికి ఇప్పుడు మా దగ్గర ఏమీ లేదు. దానికీ ఉచితంగా సామాను ఉందంట. అక్క నిన్న మెసేజ్‌లో పేర్లు పంపింది. ఒకటి కాదు, ఒకటి వేస్తే అది ఇంకో రెండు కావాలంటుందంట, అవి వేస్తే ఇంకోటంట. చివర ఎన్ని నిమిషాల పనో కూడా రాసి, మళ్లీ తనే చెరిపేసింది. చెరిపేసినట్టు గుర్తు మాత్రం ఉంది.

ఈ పొద్దున మాస్టర్‌జీ సాంబ్రాణి వెలిగించాడు. పొగ చూపించాడు. కంప్యూటర్ పెట్టి బిస్మిల్లా అన్నాడు. చెయ్యి అలవాటుగా తెర మూలకి పోయింది, అక్కడే కాసేపు ఆగింది. పాపం, ఏం చేయాలో తెలియని చెయ్యి.

"ఇవాళ తారీఖెంత బేటీ?" అని అడిగాడు.

"అక్కడే ఉంది చూడండి మాస్టర్‌జీ. ఇప్పుడు సరైందే."

ఆయన అద్దాలు పెట్టుకుని చూశాడు, నమ్మకం లేనట్టు గోడ క్యాలెండర్ కూడా చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, దాన్ని నా వైపు తోశాడు. నేను కూర్చుని నల్ల డబ్బా తెరిచాను. పిప్ అని కొట్టాను. అరబ్బీ అక్షరాలు వచ్చాయి.